వైజాగ్‌లో మ్యాచూ చూడాలి, ఊరూ చూడాలి: టికెట్ కొనడం నుంచి తిరుగు రైలు దాకా

వైజాగ్‌కు మ్యాచ్ కోసం వచ్చేవాళ్లు వేసుకునే ప్రయాణాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పొద్దున్నే రైలు దిగి బీచ్ రోడ్డులో గది తీసుకుంటారు. కైలాసగిరి, సబ్‌మెరైన్, మధ్యాహ్నం యారాడ, సాయంత్రం ఏడింటికి స్టేడియం. కాగితం మీద అన్నీ సరిపోతాయి. కానీ యారాడ ఊరికి దక్షిణపు చివర, స్టేడియం ఉత్తరపు చివర ఉన్నాయి. నడుమ పాతిక కిలోమీటర్లు దాటిన రోడ్డు, అందులో సగం మ్యాచ్ రోజు కదలని హైవే. టాస్ అయ్యేసరికి వీళ్లు హనుమంతవాక దగ్గర ఆటోలో ఉంటారు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: మ్యాచ్ ఏ దిక్కున ఉంటే ఆ రోజు తిరుగుడంతా ఆ దిక్కునే. మిగతా ఊరు మర్నాటికి. ఈ ఒక్కటి పాటిస్తే రెండు రోజుల్లో మ్యాచూ, సముద్రమూ, కొండలూ, గుడీ అన్నీ హాయిగా చూసి వెళ్లొచ్చు.

1. ముందు ఆట ఎంచుకోండి, తర్వాతే తేదీ

విశాఖలో చూడదగ్గ ఆటలు ఏడాదిలో నాలుగైదు రకాలుగా వస్తాయి. పెద్దది క్రికెట్టే. పోతినమల్లయ్యపాలెం (పీఎం పాలెం)లోని డాక్టర్ వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఏసీఏ-వీడీసీఏ స్టేడియంలో మొదటి వన్డే 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌తో జరిగింది. అప్పటికి కొత్త కుర్రాడైన ధోనీ ఆ రోజు 123 బంతుల్లో 148 కొట్టాడు. ఈ ఊళ్లో ధోనీ పేరు వింటే ఇప్పటికీ లేచి నిలబడేవాళ్లున్నారంటే కారణం అదే. 2024 మార్చి 31న చెన్నై ఇక్కడ ఢిల్లీ చేతిలో ఓడింది. అయినా ఆఖర్లో ధోనీ 16 బంతుల్లో చేసిన 37 పరుగులకే స్టేడియం ఊగిపోయింది.

ఐపీఎల్ మార్చి చివర, ఏప్రిల్‌లలో వస్తుంది. 2024, 2025 రెండేళ్లూ ఢిల్లీ క్యాపిటల్స్ తమ సొంత మ్యాచ్‌లలో రెండేసి ఇక్కడ ఆడింది. ఇది ఏటా ఖాయమని అనుకోకండి. షెడ్యూలు వెలువడ్డాకే రైలు టికెట్ కొనండి. అంతర్జాతీయ మ్యాచ్‌లకు నిర్ణీత కాలం లేదు. వేసవికి ముందు, వానల తర్వాత, చలికాలంలో ఎప్పుడైనా పడొచ్చు.

మహిళల క్రికెట్‌ను మాత్రం తప్పకుండా లెక్కలో పెట్టుకోండి. 2025 ప్రపంచకప్‌లో అక్టోబరు 12న భారత్ చేసిన 330ని ఆస్ట్రేలియా ఛేదించింది ఈ మైదానంలోనే. అలీసా హీలీ ఆ రోజు 142 చేసింది. మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని అంతకుముందు ఎవరూ ఛేదించలేదు. మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లు స్టేడియంలో పెట్టింది కూడా ఆ మ్యాచ్ సందర్భంగానే. టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, జనం కుటుంబాలతో వస్తారు. చిన్నపిల్లలతో మొదటిసారి స్టేడియానికి వెళ్లాలనుకుంటే నేను చెప్పేది మహిళల మ్యాచే.

ఆంధ్రా ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైంది. మన జిల్లాల కుర్రాళ్లను దగ్గరగా చూడాలంటే అదీ, చలికాలపు రంజీ మ్యాచ్‌లూ మంచివి. గాజువాక నుంచి వెళ్లి మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టిన నితీశ్ కుమార్ రెడ్డి లాంటివాళ్లు ఎక్కడ తయారవుతారో అక్కడ తెలుస్తుంది. కబడ్డీ, మారథాన్ సంగతి వేరే చెప్తాను, ఎందుకంటే వాటి దిక్కు వేరు.

2. ఊరి ఆకారం మనసులో పెట్టుకోండి

విశాఖ సముద్రం వెంట సాగిన ఊరు. దక్షిణాన పోర్టు, డాల్ఫిన్ నోస్ కొండ, దాని అవతల యారాడ. మధ్యలో రైల్వేస్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, ఆర్కే బీచ్. అక్కడి నుంచి ఉత్తరానికి రెండు దారులు పక్కపక్కనే సాగుతాయి. ఒకటి బీచ్ రోడ్డు: లాసన్స్ బే, తెన్నేటి పార్కు, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. రెండోది జాతీయ రహదారి: మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, పీఎం పాలెం, మధురవాడ, కొమ్మాది. ఈ రెండింటి నడుమ కొండలున్నాయి. కొన్నిచోట్లే అడ్డరోడ్లు కలుపుతాయి.

క్రికెట్ స్టేడియం రెండో దారి మీద, హైవే పక్కనే ఉంది. రైల్వేస్టేషన్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు. రుషికొండ నుంచి అయితే ఏడెనిమిదే. అంటే రుషికొండ, తొట్లకొండ, భీమిలి, జూ, కంబాలకొండ మ్యాచ్ రోజువి. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, పాతబస్తీ, యారాడ, సింహాచలం మర్నాటివి. కైలాసగిరి నడిమధ్యన ఉంది కాబట్టి ఏ రోజుకైనా ఒదుగుతుంది.

విమానంలో వచ్చేవాళ్లు టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూసుకోవాలి. పాతది ఊరికి పడమర వైపు, నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. కొత్తది భోగాపురంలో, స్టేడియం దాటి హైవే మీద ఇంకా ఉత్తరానికి వెళ్లాలి. భోగాపురంలో దిగితే స్టేడియం ముందు తగులుతుంది, ఊరు తర్వాత వస్తుంది. గది ఎక్కడ తీసుకోవాలన్నది దీన్నిబట్టి కూడా మారుతుంది.

3. టికెట్ కొనేటప్పుడు చూడాల్సినవి

పెద్ద మ్యాచ్‌ల టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. అయితే ఆన్‌లైన్‌లో కొన్నాక కాగితం టికెట్‌గా మార్చుకోవాల్సిన సందర్భాలుంటాయి. అలాంటప్పుడు ఏ కౌంటర్లో, ఏ తేదీల్లో, ఏ గుర్తింపు కార్డుతో అన్నది కొనేటప్పుడే చదవండి. బయటి ఊళ్ల వాళ్లు మ్యాచ్ రోజు పొద్దున్నే ఈ పని పెట్టుకుంటే సగం రోజు క్యూలో పోతుంది. వీలైతే ఊళ్లో ఉన్న చుట్టాన్నో, స్నేహితుణ్నో ముందే పంపండి. అది కుదరకపోతే ముందురోజు మధ్యాహ్నానికే ఊరు చేరేలా రండి.

సీటు ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలయ్యే వన్డేలో పడమటి స్టాండ్లకు ముందుగా నీడ వస్తుంది. తూర్పు స్టాండ్లలో కూర్చున్నవాళ్లకు సాయంత్రం దాకా ఎండ మొహం మీదే. సీట్ల పటం తెరిచి, ఫోన్‌లో మ్యాపు పక్కన పెట్టుకుని, పడమర ఎటో తేల్చుకోండి. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే రెండు మూడు వందలు ఎక్కువైనా నీడ కొనుక్కోవడమే మేలు. రాత్రి ఏడింటి టీ20కి ఈ బాధ లేదు.

రోడ్డు పక్కన బ్లాకులో అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. నకిలీ టికెట్‌తో గేటు దగ్గర ఆగిపోతే వైజాగ్ దాకా వచ్చిన ఖర్చంతా వృథా.

4. గది ఎక్కడ

ఒక్క రాత్రే ఉంటే రుషికొండ, ఎండాడ, మధురవాడ వైపు తీసుకోండి. మ్యాచ్ రాత్రి పదకొండున్నరకు ముగిసినా త్వరగా పడుకోవచ్చు, తెల్లారి లేస్తే ఎదురుగా సముద్రం. రెండు రాత్రులుంటే మొదటి రాత్రి అటు, రెండో రాత్రి ద్వారకానగర్, సిరిపురం, డాబాగార్డెన్స్ లాంటి ఊరి నడిబొడ్డున. సామాను మార్చడం విసుగే, కానీ రోడ్డు మీద పోయే గంటలు చూస్తే లాభమే. పెద్ద మ్యాచ్ ప్రకటించిన కొద్ది రోజుల్లోనే గదుల ధరలు పెరుగుతాయి. రద్దు చేసుకునే వీలున్న గది ముందే పట్టి పెట్టుకోండి.

5. వైజాగ్ ఎండ గురించి

అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. ఏప్రిల్‌లో ఇక్కడ 34, 35 చూపిస్తుంది. విజయవాడ, రాజమండ్రి ఎండల్లో పెరిగినవాళ్లకు అదొక లెక్కా అనిపిస్తుంది. కానీ సముద్రపు తేమలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నాలుగు గంటలు స్టాండులో కూర్చుంటే తల తిరగడం అప్పుడే మొదలవుతుంది. పదకొండు నుంచి మూడున్నర దాకా ఆరుబయట తిరిగే పని ఏదీ పెట్టుకోకండి. ఆ వేళ భోజనానికి, నిద్రకు, ఏసీ గదికి. ఇందులో బేరాల్లేవు.

తాగడానికి ఈ ప్రాంతంలో ఉన్నన్ని మంచివి ఎక్కడా లేవంటాను. పొద్దున్న రోడ్డు పక్క బండి మీద చోడి (రాగి) అంబలి, మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తాటి ముంజలు దొరుకుతాయి. కొబ్బరి బొండాం ఎలాగూ ఉంది. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు జేబులో వేసుకోండి. లోపలికి నీళ్ల సీసా రానివ్వరు కాబట్టి గేటు దాటక ముందే కడుపు నిండా తాగి, లోపల గంటకోసారి కొని తాగండి.

అక్టోబరు, నవంబరులో వచ్చేవాళ్లు ఎండ బదులు తుపానుల సంగతి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని చిందరవందర చేసింది. 14న జరగాల్సిన భారత్-వెస్టిండీస్ వన్డే రద్దయింది. ఆ నెలల్లో వచ్చేవాళ్లు రద్దయితే డబ్బు తిరిగొచ్చే టికెట్లే కొనండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తే సాహసాలు చేయకండి.

6. మ్యాచ్ రోజు: మొదలయ్యే వేళను బట్టి

ఇక్కడే ప్రయాణం బాగుపడటమో చెడటమో తేలుతుంది. మొదలయ్యే వేళ ఒక్కటి మారితే రోజంతా మారిపోతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర వన్డే అయితే పొద్దుటి వేళ ఒక్కటే మీది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, ఏప్రిల్‌లో ఆరు కాకముందే. రుషికొండలో ఆ వేళకు ఇసుక చల్లగా ఉంటుంది, జనం పలచగా ఉంటారు. నీళ్లలో దిగాలనుంటే కాపలా ఉన్నచోట, మోకాలి లోతులోనే. ఏడున్నరకు ఇడ్లీయో, పెసరట్టు ఉప్మాయో తిని, తొట్లకొండ గేటు తెరిచే వేళకు అక్కడుండండి.

తొట్లకొండ దగ్గర కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పావుగంటలో చుట్టేసి వెళ్లిపోతారు. సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తున్న కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఇది. 1970లలో నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1992 దాకా తవ్వితే స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, వాటితోపాటు శాతవాహనుల నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. రోమను డబ్బు ఇక్కడికెలా వచ్చిందో కొండ అంచున నిలబడి కిందికి చూస్తే అర్థమవుతుంది. కింద కనిపించే ఈ తీరం నుంచే ఓడలు దూరదేశాలకు వెళ్లేవి. వానాకాలానికి ముందు కొండ మీద భిక్షువులకు నీళ్లెలా అని అనుమానం వస్తే, రాతిలో తొలిచిన తొట్లు చూడండి. గదుల వరసలో ఒకదాని గడప దగ్గర కాసేపు కూర్చోండి. గంట సమయం దీనికి ఇవ్వొచ్చు. నీడ తక్కువ, టోపీ మరవకండి.

పదిన్నరకల్లా గదికి వచ్చి స్నానం, భోజనం. పన్నెండుకు బయల్దేరితే ఒంటిగంటకు సీట్లో ఉంటారు. ఐపీఎల్‌లో మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ పడినా ఇదే పద్ధతి. భోజనం తర్వాత ఒక కునుకు అదనం.

రాత్రి ఏడు, ఏడున్నర మ్యాచ్ అయితే భీమిలి దాకా వెళ్లొచ్చు. ఆరింటికే బయల్దేరి, దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్లుగా మలిచిన ఈ ఎర్ర ఇసుక లోయలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పొద్దుటి ఏటవాలు వెలుగులో వాటి రంగు చూడాలి. దిబ్బల గోడలెక్కి జారకండి, మట్టి తీసుకెళ్లకండి. ఒక్కసారి విరిగితే మళ్లీ కట్టలేనివి అవి.

భీమిలి 1861లోనే పురపాలక సంఘమైన ఊరు. డచ్చివాళ్ల సమాధుల తోట, లైట్‌హౌసు, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, పావురాలకొండ మీద నరసింహస్వామి. అన్నీ దగ్గరదగ్గరే. సమాధి రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఇంకా చదవొచ్చు. వ్యాపారం కోసం వచ్చి ఇక్కడి ఎండకు, జ్వరాలకు చనిపోయినవాళ్లు వాళ్లంతా. పదకొండు దాటకుండా వెనక్కి తిరగండి. దారిలో చేపల పులుసుతో భోజనం చేసి, నాలుగింటి దాకా పడుకోండి. ఐదింటికి స్టేడియం వైపు కదలండి.

టెస్టు మ్యాచ్ అయితే లెక్క తలకిందులవుతుంది, నా దృష్టిలో యాత్రికుడికి అన్నిటికన్నా అనుకూలమైంది అదే. ఆట తొమ్మిదిన్నరకు మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. సాయంత్రమంతా మీ చేతిలోనే. టికెట్ కోసం కొట్లాట ఉండదు. ఈ మైదానానికి టెస్టులు బాగా కలిసొచ్చాయి. 2016 నవంబరులో మొదటి టెస్టులో ఇంగ్లండ్‌పై భారత్ 246 పరుగులతో గెలిచింది. 2019లో రోహిత్ శర్మ టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగి 176, 127 చేసింది ఇక్కడే. 2024 ఫిబ్రవరిలో యశస్వి జైస్వాల్ 209 కొట్టాడు, బుమ్రా 45 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆ మ్యాచ్ నాలుగో రోజుకే అయిపోయింది. అందుకే టెస్టుకు వచ్చేవాళ్లు ఐదో రోజుకు టికెట్ కొన్నా, దానికి అరకు లాంటి ప్రత్యామ్నాయం ఆలోచించి పెట్టుకోవాలి.

టెస్టు రోజు సాయంత్రం నేరుగా కైలాసగిరికి వెళ్లండి. చీకటి పడేటప్పుడు అక్కడి నుంచి తీరమంతా దీపాలతో వంకీ తిరిగి కనిపిస్తుంది. రోప్‌వే ఉంది, శివపార్వతుల పెద్ద విగ్రహాలున్నాయి, 2025 చివర్లో తెరిచిన గాజు వంతెన ఉంది. వంతెనకు ఆదివారాలు వరస బాగా పొడుగు. వారం మధ్యలో వెళ్లగలిగేది టెస్టు ప్రేక్షకులే.

7. స్టేడియానికి చేరడం, లోపల, బయటికి రావడం

రైల్వేస్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కే బస్సు, కాంప్లెక్స్ నుంచి హైవే మీదుగా తగరపువలసకు 222 బస్సు ఎప్పట్నుంచో నడుస్తున్నవి. స్టేడియానికి పనికొచ్చేది రెండోది. కండక్టరుకు ‘స్టేడియం’ అంటే చాలు. మ్యాచ్ రోజున భారీ వాహనాలను సాధారణంగా ఆనందపురం, పెందుర్తి మీదుగా మళ్లిస్తారు, కార్లకు పార్కింగ్ స్థలాలు కేటాయిస్తారు. పోలీసుల ప్రకటన ముందురోజు పత్రికల్లో వస్తుంది, అందులో మీ స్టాండుకు ఏ గేటో చూసుకోండి. సొంత కారు తెస్తే రోడ్డు పక్కన వదిలేయకండి. స్టేడియానికి ఒకటిన్నర కిలోమీటరు ఇవతలే ఆటో దిగి నడవడం చాలాసార్లు తొందరగా చేర్చే మార్గం.

బ్యాగులు, పవర్ బ్యాంకులు, సీసాలు, అగ్గిపెట్టెలు, హెల్మెట్లు గేటు దగ్గర ఆపేస్తారు. దాచిపెట్టే చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఫోను, టికెట్, గుర్తింపు కార్డు, కొంచెం డబ్బు, మందులుంటే డాక్టరు చీటీతో సహా. ఇంతే. ఫోను నూటికి నూరు ఛార్జి చేసి తీసుకెళ్లండి. లోపల సిగ్నల్ అందక బ్యాటరీ గబగబా తగ్గిపోతుంది. కుటుంబంతో వెళ్తే ‘తప్పిపోతే ఫలానా గేటు బయట’ అని ముందే చెప్పుకోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

మ్యాచ్ అయ్యాక వేలమంది ఒక్కసారిగా హైవే మీదికి వస్తారు. ఆ అరగంటలో క్యాబ్ దొరకదు, దొరికినా రేటు మండిపోతుంది. ఇరవై నిమిషాలు సీట్లోనే కూర్చోండి. బహుమతులు ఇచ్చేది కూడా చూసినట్టవుతుంది. తర్వాత మీ గది ఎటుంటే అటు, ఎండాడ వైపో కొమ్మాది వైపో, జనంతోపాటు కిలోమీటరు నడిచి అక్కడ ఆటో పట్టండి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడిపితే అంతకన్నా మంచిది లేదు.

మ్యాచ్ తొందరగా అయిపోయే రోజూ ఉంటుంది. 2023 మార్చి 19న భారత్ 26 ఓవర్లలో 117కే కుప్పకూలింది, ఆస్ట్రేలియా 11 ఓవర్లలో వికెట్ పడకుండా కొట్టేసింది. రాత్రి దాకా అనుకుని వచ్చినవాళ్లు సాయంత్రానికే రోడ్డు మీద ఉన్నారు. అలాంటప్పుడు దిగులుగా గదికి పోకుండా రుషికొండకో సాగర్‌నగర్‌కో వెళ్లి, సముద్రపు గాలిలో వేడి మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోండి. ఓటమి బాధ కొంతైనా తగ్గుతుంది.

8. మర్నాడు: దక్షిణపు ఊరు

ఆర్కే బీచ్‌ను తెల్లవారుజామునే చూడండి. ఆ వేళ బీచ్ రోడ్డులో కొంతమేర వాహనాలు ఆపేస్తారు. రోడ్డంతా నడిచేవాళ్లది, పరిగెత్తేవాళ్లది, యోగా చేసేవాళ్లది. ఊరు తనంతట తాను ఆడుకునే వేళ అది. ఇక్కడ నీళ్లలోకి మాత్రం దిగకండి. పైకి ప్రశాంతంగా కనిపించినా కింద లాగే అలలు ప్రాణాలు తీస్తున్నాయి. కాళ్లు తడుపుకోవడంతో ఆపేయండి.

అక్కడి నుంచి సింహాచలం. వరాహ లక్ష్మీనరసింహస్వామి గుడిలో 1098 నాటి కుళోత్తుంగ చోళుడి శాసనం ఉంది. ఏడాదంతా స్వామి చందనం కప్పుకునే దర్శనమిస్తాడు. నిజరూపం వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. ఆ చందనోత్సవం ఏప్రిల్, మే నెలల్లో పడుతుంది కాబట్టి ఐపీఎల్ మ్యాచ్‌తో తేదీలు దగ్గరపడితే ఊరంతా కిక్కిరిసిపోతుంది. గదులు, ఆటోలు రెండూ కష్టం. క్యాలెండరు చూసుకోండి.

ఐఎన్ఎస్ కురుసురను మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు, ఎండ వేళకు సరిగ్గా సరిపోతుంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకున్న జలాంతర్గామి ఇది. 91 మీటర్ల ఇనుప గొట్టంలో అంతమంది నెలల తరబడి ఎలా ఉన్నారో లోపల నడిస్తేనే తెలుస్తుంది. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇబ్బంది. వాళ్లు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం చూడొచ్చు.

ఒక్క జాగ్రత్త: మ్యాచ్ ఆదివారమైతే మర్నాడు సోమవారం. సోమవారం కురుసురా ఉండదు, జూ కూడా ఉండదు. అప్పుడు యారాడకు వెళ్లండి. కొండ ఎక్కి దిగే ఆ ఘాట్ రోడ్డు నుంచి చూస్తే సముద్రం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌కు తిరిగొచ్చి మురీ మిక్స్చర్, మిరపకాయ బజ్జీ. ఇంటికి మాడుగుల హల్వా కొనుక్కోండి. ప్రయాణంలో పాడవదు.

9. కబడ్డీ, పరుగు

ప్రొ కబడ్డీ 2014లో మొదలైనప్పుడు తెలుగు టైటన్స్‌కు ఇల్లు విశాఖే. 2025 సీజను కూడా ఆగస్టు 29న ఇక్కడే, అక్కయ్యపాలెంలోని పోర్టు ఇండోర్ స్టేడియంలో మొదలైంది. ఇక్కడ దిక్కు మారుతుంది: స్టేడియం ఊరి మధ్యలో ఉంది కాబట్టి ఆ రోజు ఆర్కే బీచ్, కురుసుర, పాతబస్తీ పెట్టుకోండి, రుషికొండ, భీమిలి మర్నాటికి. మ్యాచ్‌లు రాత్రివి, పైన కప్పు ఉంది, వాన భయం లేదు. క్రికెట్‌లో చీమంత కనిపించే ఆటగాడు ఇక్కడ పదడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి కూత పెడతాడు. ముందు వరసల టికెట్‌కు పెట్టే డబ్బుకు కబడ్డీలోనే ఎక్కువ విలువ.

చలికాలం మొదట్లో నౌకాదళం నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ బీచ్ రోడ్డు మీదే జరుగుతుంది. చూడటానికి టికెట్ అక్కర్లేదు. పరిగెత్తాలనుకుంటే 5, 10, 21, 42 కిలోమీటర్ల విభాగాలున్నాయి. ఆ పొద్దున బీచ్ రోడ్డు మూసేస్తారు కాబట్టి గది బీచ్‌కు నడిచే దూరంలోనే తీసుకోండి.

10. మూడో రోజు ఉంటే

అరకును మ్యాచ్ రోజు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోకండి. పోనూ రానూ రోజంతా పడుతుంది, ఘాట్ రోడ్డులో ఆలస్యమైతే టికెట్ పోయినట్టే. మ్యాచ్ మర్నాడు కూడా వద్దు, రాత్రి ఒంటిగంటకు పడుకుని పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు అందుకోలేరు. మూడో రోజుకు పెట్టుకుంటే మాత్రం అద్దాల పెట్టెలో సీటు ముందే రిజర్వు చేసుకోండి. మ్యాచ్ ప్రకటన వచ్చిన వారంలో ఆ సీట్లు కూడా అయిపోతాయి. వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లి సొరంగాలన్నీ చూసి, వచ్చేటప్పుడు బొర్రా గుహల దగ్గర ఆగుతూ రోడ్డున రండి. తిరుగు ప్రయాణానికి రాత్రి పది తర్వాత బయల్దేరే రైలు తీసుకోండి. ఘాట్ మీద పొగమంచు, వాన పట్టినా స్టేషన్‌కు తొందరపడకుండా చేరతారు.